స్పిట్‌ఫైర్ ఎప్పుడూ ఎడమకే ఎందుకు లాగుతుంది?

ప్రశ్న: నాకు 38 ఏళ్ళు. గాజువాకలో ఉంటాం. షిఫ్టుల ఉద్యోగం. చిన్నప్పటి నుంచి విమానాలంటే ప్రాణం. ఇన్నాళ్ళకు మంచి కంప్యూటర్, ఒక జాయ్‌స్టిక్ కొనుక్కుని, రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాలు నడిపే డీసీఎస్ వరల్డ్ సిమ్యులేటర్ మొదలుపెట్టాను. అంతకు ముందు వార్ థండర్‌లో మౌస్‌తో బాగానే ఆడేవాణ్ణి. ఇక్కడ మాత్రం నెల రోజులుగా స్పిట్‌ఫైర్ రన్‌వే మీదనే ఎడమకు తిరిగి, రెక్క నేలకు కొట్టుకుని విరిగిపోతోంది. పదిసార్లలో రెండుసార్లు పైకి లేచినా, పోరులో గట్టిగా మలుపు తిప్పగానే గిరగిరా తిరుగుతూ పడిపోతోంది. శత్రువు ఎప్పుడు చూసినా నా వెనకే ఉంటాడు. మెసర్‌ష్మిట్, మస్టాంగ్ కూడా ప్రయత్నించాను. అదే వరస. పెడల్స్ కొంటే బాగుపడుతుందా? ఈ వయసులో నాకు ఇది అబ్బదా? పదేళ్ళ మా అబ్బాయి పక్కన కూర్చుని చూస్తుంటాడు. వాడి ఎదుట రోజూ కూలిపోవడం కష్టంగా ఉంది.

సమాధానం:

మీ ఉత్తరమంతటిలో నన్ను పట్టుకున్న మాట ఒకటుంది: ‘ఎడమకు’. మూడు విమానాలు మార్చినా అన్నీ అటే లాగుతున్నాయని రాశారు. తప్పు మీ చేతిలోనే ఉంటే ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి పోవాలి. ప్రతిసారీ ఒకే వైపుకు పోతోందంటే విమానం తన స్వభావం మీకు చెబుతోందన్న మాట. సిమ్యులేటర్ దాన్ని దాచకుండా చూపిస్తోంది. అందుకు సంతోషించండి. మౌస్‌తో ఆడినప్పుడు మీరు ఎటు చూపిస్తే అటు వెళ్ళేలా విమానాన్ని లోలోపల మరొకరు నడిపి పెట్టేవారు. ఆ మరొకరు చేసే పని ఇప్పుడు మొదటిసారి మీ మీద పడింది.

ముందుగా ఒక పని చెబుతాను. కంప్యూటర్ కట్టేసి, సెలవు రోజున బాబును తీసుకుని బీచ్ రోడ్డుకు వెళ్ళండి. కురుసుర జలాంతర్గామికి ఎదురుగా టీయూ-142 విమానం ఉంది కదా. 1988 నుంచి 2017 దాకా మన నౌకాదళంలో పనిచేసిన విమానం. లోపలికి వెళ్ళే తొందరలో చాలామంది దాని ప్రొపెల్లర్లను సరిగా చూడరు. ఒక ఇంజిన్‌కు ఎదురుగా నిలబడి నెమ్మదిగా చూడండి. ముందు ఒక వరుసలో నాలుగు రెక్కలు, వెంటనే దాని వెనక మరో వరుసలో నాలుగు. ముందు వరుస రెక్కల ఒంపు ఒక వైపుకు ఉంటే వెనక వరుస ఒంపు రెండో వైపుకు ఉంటుంది. రెండు వరుసలూ ఎదురెదురు దిశల్లో తిరుగుతాయి. నాలుగు ఇంజిన్లకు కలిపి 32 రెక్కలు. బాబు చేత లెక్క పెట్టించండి.

ఒక్కొక్క ఇంజిన్‌కు దాదాపు 15 వేల అశ్వశక్తి. అంత శక్తితో ఒకే వైపుకు గాలిని మెలిపెడితే విమానం మీద ఎంత తిప్పుడు బలం పడుతుందో ఊహించండి. ముందు ప్రొపెల్లర్ మెలిపెట్టిన గాలిని వెనకది విప్పేస్తుంది. మీ స్పిట్‌ఫైర్‌కు ఉన్నది ఒకే ప్రొపెల్లర్. రెండోది చేయవలసిన పని మీ కాలు చేయాలి. పెడల్స్ లేకపోతే జాయ్‌స్టిక్‌ను మెలితిప్పే మీ మణికట్టు చేయాలి.

స్పిట్‌ఫైర్ తొమ్మిదో రకం, మస్టాంగ్, మెసర్‌ష్మిట్ 109 మూడింటికీ కాక్‌పిట్ నుంచి చూస్తే ప్రొపెల్లర్ గడియారం ముల్లు తిరిగే దిశలోనే తిరుగుతుంది. అది వెనక్కు నెట్టిన గాలి విమానం చుట్టూ మరమేకు చుట్లలా చుట్టుకుంటూ పోయి నిలువు తోకను ఎడమ వైపు నుంచి కొడుతుంది. తోక కుడికి, ముక్కు ఎడమకు పోతాయి. ఇంజిన్ తిప్పుడుకు ఎదురు బలం పుట్టి ఎడమ చక్రాన్ని నేలకు అదుముతుంది. ఇక తోక లేచే క్షణం ఉంది చూశారా, అక్కడే ఎక్కువమంది పోతారు. తిరిగే బొంగరాన్ని వంచబోతే అది పక్కకు ఒరిగినట్టు, తిరుగుతున్న ప్రొపెల్లర్ ఆ క్షణంలో ముక్కును మరోసారి ఎడమకు విసురుతుంది. గ్రిఫన్ ఇంజిన్‌తో వచ్చిన తరువాతి స్పిట్‌ఫైర్లలో ప్రొపెల్లర్ అటు నుంచి ఇటు తిరుగుతుంది కాబట్టి అవి కుడికి లాగేవి. మీ స్పిట్‌ఫైర్‌లో ఉన్న మెర్లిన్ ఇంజిన్‌కు అలవాటుపడిన కాలికి వాటిలో మళ్ళీ కొత్తగా నేర్పవలసి వచ్చేది.

దీనికి తోడు ఇవి తోక చక్రం విమానాలు. బరువంతా పెద్ద చక్రాలకు వెనక ఉంటుంది. ముక్కు కాస్త తిరిగిందా, వెనకనున్న బరువు దాన్ని ఇంకా తిప్పుతుంది. ఫిషింగ్ హార్బర్‌లోకి వెనక అల మీద వచ్చే మరపడవను ఎప్పుడైనా గమనించారా? చుక్కాని పట్టుకున్న మనిషి చేయి ఒక్క నిమిషం ఊరుకోదు. పడవ మూతి తిరిగాక సరిచేద్దామని కూర్చోడు, తిరగబోతున్నదని ఒంటికి తెలియగానే ఇంత తట్టి వదిలేస్తాడు. మీరు నేర్చుకోవలసింది అదే. ముక్కు కళ్ళకు కనిపించేంత తిరిగాక తొక్కితే అప్పటికే ఆలస్యం. ఆలస్యం కాబట్టి బలంగా తొక్కుతారు. బలంగా తొక్కారు కాబట్టి ఈసారి కుడికి కొట్టుకుపోతుంది.

ఇక టేకాఫ్. రడ్డర్ అంటే నిలువు తోకకున్న చుక్కాని, ఎలివేటర్ అంటే ముక్కును పైకీ కిందికీ వంచే తోక పలక, ట్రిమ్ అంటే వాటిని కాస్త ఒక వైపుకు నిలిపి ఉంచే ఏర్పాటు. రడ్డర్ ట్రిమ్ పూర్తిగా కుడికి తిప్పండి. ఎలివేటర్ ట్రిమ్ ముక్కు కిందికి వంగే వైపు ఒక గీత. రన్‌వే మీదకు వచ్చాక కొన్ని గజాలు నిదానంగా నిటారుగా నడిపించి ఆపండి. స్పిట్‌ఫైర్ తోక చక్రం ఎటంటే అటు తిరిగేది. అది వంకరగా ఉండగా శక్తి పెంచితే కథ అక్కడే ముగుస్తుంది. స్టిక్ వెనక్కు పట్టుకుని, లోలోపల ఒకటి నుంచి పది దాకా లెక్కపెడుతూ, ఇంజిన్ శక్తి పెంచే థ్రాటిల్ జరపండి. ఇంజిన్‌లోకి గాలి ఎంత ఒత్తిడితో పోతోందో చూపే బూస్ట్ ముల్లు 7 దగ్గరకు వస్తే చాలు. ఆ ఇంజిన్ 18 దాకా ఇవ్వగలదు కానీ లేవడానికి అంత అవసరం లేదు. మీరు తొలి రోజు నుంచి థ్రాటిల్ చివరిదాకా తోస్తున్నారని నా అనుమానం. థ్రాటిల్ కదిలిన మరుక్షణమే, ముక్కు ఇంకా కదలకముందే, కుడి రడ్డర్ కొద్దిగా ఇవ్వండి. వేగం వచ్చాక స్టిక్ నెమ్మదిగా వదిలితే తోక తనంతట తనే లేస్తుంది. మరీ పైకి లేపకండి, ప్రొపెల్లర్ నేలకు తగులుతుంది. లేస్తున్నప్పుడు మరికాస్త కుడి కాలు.

చూపు ఎక్కడ ఉండాలన్నది ఇంతకన్నా ముఖ్యం. స్పిట్‌ఫైర్ పొడవాటి ముక్కు ఎదుటి దారిని మొత్తం కప్పేస్తుంది. దాన్నే చూస్తూ కూర్చుంటే అది తిరుగుతున్న సంగతి చివరికి గానీ తెలియదు. ముక్కుకు రెండు పక్కలా కనిపించే రన్‌వే అంచులను చూడండి. ఎడమ పక్క కనిపించే సందు, కుడి పక్క కనిపించే సందు ఒకేలా ఉన్నాయా? ఏ కొంచెం తేడా వచ్చినా కాలు కదలాలి.

ఇప్పుడు మీ పెడల్స్ సంగతి. వెంటనే కొనకండి. ముందు మీ జాయ్‌స్టిక్‌ను అనుమానించండి. విండోస్‌లో గేమ్ కంట్రోలర్ల పేజీ తెరిచి, కర్రను ముట్టుకోకుండా మెలితిప్పుడు గీతను చూడండి. అది వణుకుతున్నా, ఉన్నట్టుండి గెంతుతున్నా, మీరు తొక్కని రడ్డర్‌ను యంత్రం తొక్కుతోందన్న మాట. చవక జాయ్‌స్టిక్‌లలో లోపల ఒక ముక్క మరొక ముక్క మీద రాసుకునే పొటెన్షియోమీటర్లు ఉంటాయి. అవి అరిగినా, దుమ్ము పట్టినా ఇలాగే గెంతుతాయి. మన ఊరి ఉప్పు గాలి, తేమ వాటికి మేలు చేయవు. నా మొదటి జాయ్‌స్టిక్ రెండో వానాకాలానికే ఇలా అయింది. అది తెలియక మూడు వారాలు నన్ను నేను తిట్టుకున్నాను. ఆడనప్పుడు గుడ్డ కప్పి ఉంచండి. కొత్తది కొనవలసి వస్తే హాల్ సెన్సర్ ఉన్నది చూడండి. అందులో అయస్కాంతమే తప్ప రాసుకునే భాగం ఉండదు.

గీత నిలకడగా ఉంటే రడ్డర్‌కు, ఎలివేటర్‌కు కర్వ్ 15 నుంచి 20 దాకా పెట్టండి. మధ్యలో కదలిక మెత్తబడుతుంది. స్పిట్‌ఫైర్ ఎలివేటర్ చాలా తేలిక, అది లేకుండా పట్టుకోవడం కష్టం. ఇంకొకటి. ఈ పాత విమానాల సెట్టింగులలో ‘టేకాఫ్ అసిస్టెన్స్’, ‘ఆటో రడ్డర్’ అనేవి ఉంటాయి, చూసుకోండి. అవి పనిచేస్తూ ఉండగా మీరూ తొక్కితే ఒక చుక్కానికి ఇద్దరు సరంగులు అవుతారు. ఆటో రడ్డర్ ఈరోజే తీసేయండి. టేకాఫ్ అసిస్టెన్స్‌ను వారం వారం తగ్గించుకుంటూ సున్నాకు తీసుకురండి.

పెడల్స్ మంచివే. కొన్నాళ్ళకు కొనుక్కుందురు గాని. కానీ చేతిలో కాస్త డబ్బు ఉండి ఏదో ఒకటి కొనాలనిపిస్తే, ముందు తల కదలికను కంప్యూటర్‌కు చెప్పే ఏర్పాటు చూసుకోండి. ఓపెన్‌ట్రాక్ అనే ఉచిత ప్రోగ్రాం మామూలు వెబ్ కెమెరాతో కూడా పనిచేస్తుంది. శత్రువు ఎప్పుడూ వెనకే ఉంటాడని రాశారు. మీరు వెనక్కు చూడడం లేదేమో.

విమానాలు మార్చడం ఇక మానేయండి. రెండు నెలలు ఒకటే. నన్నడిగితే మస్టాంగ్. స్పిట్‌ఫైర్, మెసర్‌ష్మిట్ రెండింటికీ చక్రాల మధ్య దూరం తక్కువ. నిజ జీవితంలో మెసర్‌ష్మిట్ 109 లేచేటప్పుడు, దిగేటప్పుడు జరిగిన ప్రమాదాలకు లెక్కే లేదు. మస్టాంగ్ చక్రాలు ఎడంగా ఉంటాయి. స్టిక్ వెనక్కు లాగి పట్టుకుంటే తోక చక్రం బిగుసుకుని విమానం తిన్నగా పోతుంది. రడ్డర్ ట్రిమ్ 6 డిగ్రీలు కుడికి. ఇంజిన్‌లోకి పోయే గాలి ఒత్తిడిని ఇందులో అంగుళాలలో చూపిస్తారు: పూర్తి శక్తి 61 అంగుళాలు, సాధనకు 45 చాలు. డీసీఎస్‌లో ఆయుధాలు లేని టీఎఫ్-51డీ ఉచితంగా వస్తుంది. తుపాకులు లేని విమానం కావడమే మీకు మంచిది. పోరు మీద ధ్యాస పోదు.

పైకి లేచాక ఇంజిన్. ప్రొపెల్లర్ రెక్కల కోణం అంటే బండి గేరు అనుకోండి. సింహాచలం ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు పెద్ద గేరులో ఉంచి యాక్సిలరేటర్ తిప్పితే బండి ఎలా మూలుగుతుందో మీకు తెలుసు. ఇక్కడా అంతే. శక్తి పెంచాలంటే ముందు ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు), తరువాత థ్రాటిల్. తగ్గించాలంటే ముందు థ్రాటిల్, తరువాత ఆర్‌పీఎం. తారుమారు చేస్తే ఇంజిన్ లోపల దెబ్బ తింటుంది. ఆ దెబ్బ అప్పటికప్పుడు కనిపించదు, పది నిమిషాల తరువాత పొగై కనిపిస్తుంది.

గిరగిరా తిరిగి పడిపోవడం గురించి. వేగం తగ్గితేనే స్టాల్ అవుతుందని, అంటే రెక్కలు విమానాన్ని మోయలేకపోతాయని చాలామంది అనుకుంటారు. రెక్క గాలిని ఎదుర్కొనే కోణం హద్దు దాటితే ఎంత వేగంలోనైనా స్టాల్ అవుతుంది. గట్టి మలుపులో మీరు స్టిక్ లాగుతున్నది సరిగ్గా ఆ హద్దు అవతలికి. అప్పుడు రడ్డర్ కూడా సరిగా లేకపోతే ఒక రెక్క ముందు ఓడిపోతుంది, విమానం అటు దొర్లి స్పిన్‌లో పడుతుంది. హద్దు దగ్గర పడగానే విమానం వణుకుతుంది, శబ్దం మారుతుంది. ఆ వణుకును పరిచయం చేసుకోండి. 3,000 మీటర్ల ఎత్తుకు వెళ్ళి, మలుపులో వణుకు మొదలయ్యే దాకా లాగి, అరంగుళం వదలండి. మళ్ళీ లాగండి, మళ్ళీ వదలండి. ఒక సాయంత్రమంతా ఇదే చేయండి. తరువాత కావాలని స్పిన్‌లో పడేసి బయటకు తీయండి: థ్రాటిల్ మూసి, స్టిక్ పక్కలకు వంచకుండా మధ్యలో పెట్టి, తిరుగుతున్న దిశకు ఎదురు రడ్డర్ పూర్తిగా తొక్కి, ఆ తరువాత స్టిక్ ముందుకు. తిరగడం ఆగగానే రడ్డర్ మధ్యకు తెచ్చి, నెమ్మదిగా లేపాలి. తొందరపడి లాగితే మళ్ళీ స్పిన్.

ఇక్కడ మీ అబ్బాయికి ఒక ఉద్యోగం ఇవ్వండి. ఎదుట ఉన్న మీటర్ల పలక మీద వంపు గాజు గొట్టంలో ఒక బంతి ఉంటుంది. మస్టాంగ్‌లో స్పష్టంగా కనిపిస్తుంది. అది మధ్యలో ఉంటే విమానం తిన్నగా పోతున్నట్టు. కుడికి జారితే కుడి రడ్డర్, ఎడమకు జారితే ఎడమ. మీ చూపు బయట ఉంటుంది కాబట్టి ‘నాన్నా, బంతి కుడికి!’ అని వాడు చెప్పాలి. నేను మా అన్నయ్య కొడుకును పక్కన పెట్టుకుని ఇలాగే నేర్చుకున్నాను. నాలుగు రోజులకు వాడు చెప్పకముందే నా చేయి కదలడం మొదలైంది. రెండు వారాలకు వాడికి చెప్పడానికి ఏమీ మిగలక, తానే కుర్చీలో కూర్చుంటానని గొడవ చేశాడు.

దిగడం గురించి ఎవరూ అడగరు. మీరూ అడగలేదు. కానీ సగం విద్య అందులోనే ఉంది. స్పిట్‌ఫైర్‌తో తిన్నగా దిగబోతే ముక్కు అడ్డం వచ్చి రన్‌వే కనిపించదు. అందుకే ఆనాటి పైలట్లు వంపు తిరుగుతూ వచ్చి, నేలకు చేరే ముందు మాత్రమే తిన్నగా చేసేవారు. గంటకు 100 మైళ్ళ వేగం దగ్గర పట్టుకోండి. మూడు చక్రాలు ఒకేసారి తాకేలా, తేలుతూ, స్టిక్ కొంచెం కొంచెంగా వెనక్కు. తాకాక స్టిక్ ఒడిలోకి. చక్రాలు తగలగానే పని అయిపోయిందని ఊపిరి వదులుతాం, అక్కడే విమానం గిర్రున తిరుగుతుంది. అది నిలబడే దాకా కాలు పనిలోనే ఉండాలి.

ఇదంతా వచ్చాక పోరు చాలా మామూలుగా కనిపిస్తుంది. ఎత్తు అంటే దాచుకున్న డబ్బు, వేగం అంటే జేబులోని చిల్లర. ప్రతి గట్టి మలుపుకూ చిల్లర ఖర్చవుతుంది. మీరు శత్రువును చూడగానే మలుపు తిప్పుతున్నారు, రెండో మలుపుకే జేబు ఖాళీ, అప్పుడు వాడు తాపీగా వెనక చేరుతున్నాడు. ఎవరితో తిరగాలో, ఎవరితో తిరగకూడదో ముందే తెలియాలి. 1942 ఏప్రిల్ 5న కొలంబో మీద బ్రిటిష్ హరికేన్లు జపాన్ జీరోలతో తలపడ్డాయి. తక్కువ వేగంలో జీరో అంత చిన్న వలయంలో హరికేన్ తిరగలేదు. ఆ రోజు హరికేన్లకు చాలా నష్టం జరిగింది. ఆ మర్నాడే, ఏప్రిల్ 6న, ర్యూజో అనే విమానవాహక నౌక నుంచి లేచిన జపాన్ విమానాలు మన విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. సాయంత్రం బీచ్‌లో కూర్చుని చూసే సముద్రం మీదుగానే అవి వచ్చాయి. నాకు ఈ విమానాల మీద ప్రేమతో పాటు ఒక గౌరవం, కొంత భయం కూడా మిగిలి ఉండడానికి కారణం అదే.

స్పిట్‌ఫైర్‌లో ఉన్నప్పుడు మెసర్‌ష్మిట్‌తో వలయాలు తిరగవచ్చు, అది మీ బలం. మస్టాంగ్‌లో ఉంటే వద్దు. పై నుంచి దిగి, ఒక్కసారి కాల్చి, ఆ వేగంతోనే మళ్ళీ పైకి వెళ్ళిపోండి. తగిలిందో లేదో చూద్దామని వెనక్కు తిరగకండి. కాల్పులకు తొందర వద్దు. 1940 నాటి స్పిట్‌ఫైర్‌లో ఎనిమిది తుపాకులు ఉన్నా గుళ్ళు సుమారు 15 సెకన్లకే సరిపోయేవి. తుపాకులన్నీ ఒక బిందువులో కలిసే దూరాన్ని పైలట్లు 250 గజాలకు తెచ్చుకున్నారు. దగ్గరకు వెళ్ళి, ఒకటి రెండు సెకన్లు మాత్రమే కాల్చండి. దూరం నుంచి కాల్చినది శత్రువును హెచ్చరించడానికే పనికొస్తుంది.

వయసు గురించి అడిగారు. 38 దీనికి ఏ మాత్రం అడ్డు కాదు. రాత్రి షిఫ్టు చేసి వచ్చిన ఉదయం మాత్రం కూర్చోకండి, అలసిన కాలు ఆలస్యంగా కదులుతుంది. రోజుకు 45 నిమిషాలు చాలు. ఇక బాబు ఎదుట కూలిపోవడం అంటారా, వాడికి ఇంద్రలాల్ రాయ్ గురించి చెప్పండి. కలకత్తాలో పుట్టినవాడు, మొదటి ప్రపంచ యుద్ధం నాటి పైలట్. 1917 డిసెంబరులో తన ఎస్‌ఈ-5ఏ విమానం కూలి గాయపడ్డాడు. మళ్ళీ లేచి వచ్చి 1918 జూలైలో 13 రోజుల్లో 10 విజయాలు సాధించాడు. అదే నెల 22న పోరులో చనిపోయాడు, అప్పటికి 19 ఏళ్ళు. కూలిన ప్రతిసారీ నవ్వి ఊరుకోకుండా, ఎందుకు కూలిందో ఒక్క వాక్యంలో వాడికి చెప్పండి. చెప్పలేకపోతే రికార్డింగ్ వెనక్కు తిప్పి ఇద్దరూ కలిసి వెతకండి.

ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. తేదీ, ఎన్నో టేకాఫ్, ముక్కు ఎంత తిరిగింది, ఎక్కడ తిరిగింది: థ్రాటిల్ పెంచినప్పుడా, తోక లేచినప్పుడా, చక్రాలు వదిలినప్పుడా. బంతి గమనించే ఉద్యోగితో రాయించండి. 50 టేకాఫ్‌లు, 50 ల్యాండింగ్‌లు పూర్తయ్యే దాకా ఆన్‌లైన్ పోరు జోలికి వెళ్ళకండి. పూర్తయ్యాక ఆ పేజీలు ఫోటో తీసి పంపండి. ఎక్కువ తప్పులు ఏ దశలో ఉన్నాయో చూసి, అప్పుడు మీకు పెడల్స్ కావాలో వద్దో చెబుతాను.